పాత ట్రక్కు పొగగొట్టంలో నీరు: బ్లాక్ టెస్టర్ కిట్‌ను ఎంతవరకు నమ్మవచ్చు?

పాత ట్రక్కును ఉదయాన్నే స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్ నుంచి తెల్లని ఆవిరి దట్టంగా వెలువడి, పైపు చివర నుంచి నీటి బొట్లు రాలుతుంటే, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కూ దాని పైనుండే సిలిండర్ హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోయిందేమోనన్న అనుమానం యజమానికి వెంటనే కలుగుతుంది. ఆ అనుమానం నిజమో కాదో ఇంజిన్ విప్పకుండానే తేల్చుకోవడానికి దొరికే పరికరాల్లో సామాన్య వాహనదారుడు సైతం సులువుగా వాడగలిగినది బ్లాక్ టెస్టర్ అనే రసాయన పరీక్ష కిట్. రేడియేటర్ మూతి మీద దీన్ని ఆనించి, లోపలి గాలిని నీలిరంగు ద్రవం గుండా లాగుతారు. ఇంజిన్‌లో మండిన వాయువు ఆ గాలిలో కలిసి ఉంటే ద్రవం పసుపుపచ్చగా మారుతుంది. నా దగ్గరున్న పాత పెట్రోల్ ట్రక్కు మీద, ఆ తరువాత తెలిసినవారి బండ్ల మీద ఈ కిట్‌ను వాడి చూశాను. దీని గురించి నా అభిప్రాయం ముందే చెబుతాను: ఇది కొనదగిన పరికరం, కానీ ఇది ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు చెబుతుంది. మండిన వాయువు కూలెంట్‌లోకి (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవంలోకి) చేరుతోందా అన్నదే ఆ ప్రశ్న. పొగగొట్టంలోకి నీరు ఎక్కడి నుంచి వస్తోందన్నది వేరే ప్రశ్న. ఈ రెండూ ఒకటే అనుకుని కిట్‌ను వాడేవారికి అది తప్పుదారి చూపించే ప్రమాదం ఉంది.

కిట్ చేతిలోకి తీసుకునే ముందు, పొగగొట్టంలో నీరు ఉండడమే రోగం కాదని గ్రహించాలి. పెట్రోల్ అయినా డీజిల్ అయినా హైడ్రోజన్, కార్బన్ కలిసిన ఇంధనమే కాబట్టి, అది మండినప్పుడు అందులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరుగా మారుతుంది. ఒక లీటరు పెట్రోల్ పూర్తిగా మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. డీజిల్ విషయంలోనూ లెక్క ఇంచుమించు ఇంతే. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఆ నీరంతా కంటికి కనిపించని ఆవిరి రూపంలో బయటికి పోతుంది. పొగగొట్టం చల్లగా ఉన్నప్పుడు మాత్రం, ఉష్ణోగ్రత సుమారు 50 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువగా ఉన్న ప్రతి చోటా ఆ ఆవిరి లోహాన్ని తాకి నీటి బిందువులుగా మారుతుంది. పాత ట్రక్కుల్లో పైపు పొడవు ఎక్కువ, సైలెన్సర్ పెద్దది, లోహం మందం. అందువల్ల అవి వేడెక్కడానికి చిన్న కారు కంటే ఎక్కువ సమయం పడుతుంది, ఆలోగా పేరుకునే నీరూ ఎక్కువే.

బండిని రోజూ కొద్ది దూరం మాత్రమే నడిపి ఆపేస్తుంటే సైలెన్సర్ అడుగున చేరిన నీరు ఆవిరైపోయే అవకాశమే ఉండదు. మరునాడు స్టార్ట్ చేసి కాస్త రేస్ చేయగానే నిన్నటి నీరు, మొన్నటి నీరు కలిసి మసితో నల్లగా చిమ్ముకుంటూ వస్తాయి. కొన్ని సైలెన్సర్లకు అడుగున సన్నని రంధ్రం ఉండేది ఈ నీరు కారిపోవడానికే. దాన్ని తుప్పు పట్టిన చిల్లు అనుకుని వెల్డింగ్ చేయించేవారున్నారు, ఆ తరువాత సైలెన్సర్ లోపలి నుంచి మరింత త్వరగా తుప్పు పట్టి పాడవుతుంది. కెటలిటిక్ కన్వర్టర్ (పొగలోని హానికర వాయువులను తగ్గించే భాగం) ఉన్న బండ్లలో, మండకుండా మిగిలిన ఇంధనం కన్వర్టర్‌లో ఆక్సిజన్‌తో కలిసినప్పుడు కూడా కొంత నీరు తయారవుతుంది. కాబట్టి చల్లని ఉదయం పూట తెల్లని ఆవిరి కనిపించి, ఇంజిన్ వేడెక్కి పైపు తాకలేనంత వేడయ్యేసరికి అది పూర్తిగా తగ్గిపోయి, రేడియేటర్‌లో కూలెంట్ మట్టం మారకుండా ఉన్నట్లయితే, ఆ ట్రక్కుకు ఏ కిట్టూ అక్కరలేదు. దాన్ని ఒకసారి ఆపకుండా దూర ప్రయాణానికి తీసుకువెళితే చాలు, పొగగొట్టం తనంతట తానే ఆరిపోతుంది.

నా ట్రక్కులో పరిస్థితి అలా లేదు. స్టార్ట్ అయిన వెంటనే ఇంజిన్ ఒక సిలిండర్‌లో మిస్ కొడుతూ వణికేది, ఆ కొద్దిసేపూ వచ్చే తెల్లని ఆవిరి గాలిలో వెంటనే కలిసిపోకుండా నేల మీద తేలుతూ నిలిచేది. కాసేపటికి ఇంజిన్ సర్దుకుని నున్నగా తిరిగేది. వేడెక్కాక ఆవిరి బాగా తగ్గేది గాని, బయట చలి లేని రోజుల్లో కూడా పూర్తిగా మాయమయ్యేది కాదు. వీటన్నిటికంటే ముఖ్యమైన ఆధారం రేడియేటర్‌లో ఉంది: బయట ఎక్కడా తడి లేకుండా, నేల మీద ఒక్క చుక్క పడకుండా, కూలెంట్ మట్టం క్రమంగా దిగిపోయేది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మట్టం చూసి, గుర్తు పెట్టుకుని, కొన్నాళ్ల తరువాత మళ్లీ చూడడం అన్నది ఖర్చు లేని పరీక్ష. అది చేయకుండా ఏ పరికరం కొన్నా ఉపయోగం తక్కువ. ఆయిల్ మూత లోపల తెల్లని జిగురు నురగ కనిపించడాన్ని చాలామంది చివరి తీర్పుగా తీసుకుంటారు. బండిని తక్కువ దూరాలే నడిపేటప్పుడు క్రాంక్ కేసులో చేరిన చెమ్మ వల్ల కూడా అదే నురగ వస్తుంది కాబట్టి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ రంగు మారి మట్టం పెరిగితే తప్ప దానికి అంత విలువ ఇవ్వనవసరం లేదు.

తెల్లగా కనిపించేదంతా నీటి ఆవిరే అనుకోకూడదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డీజిల్ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు గ్లో ప్లగ్గులు (స్టార్టింగ్‌కు సిలిండర్‌ను వేడిచేసేవి) పనిచేయకపోయినా, కంప్రెషన్ తగ్గినా, మండని డీజిల్ తెల్లని పొగగా వస్తుంది. అది కళ్లు మండిస్తుంది, డీజిల్ వాసన వేస్తుంది. పాత ఆటోమేటిక్ గేర్ బాక్సుల్లో వాక్యూమ్ మాడ్యులేటర్ (ఇంజిన్ వాక్యూమ్‌ను బట్టి గేర్ల మార్పును సర్దే భాగం) లోపలి పొర చిరిగితే, గేర్ ఆయిల్ వాక్యూమ్ గొట్టం ద్వారా ఇంజిన్‌లోకి చేరి తెల్లగా, దట్టంగా మండుతుంది. బ్రేక్ మాస్టర్ సిలిండర్ వెనుక సీలు పోతే, బ్రేక్ బూస్టర్ గుండా బ్రేక్ ఆయిల్ కూడా అలాగే చేరగలదు. కూలెంట్ తగ్గకుండా గేర్ ఆయిలో బ్రేక్ ఆయిలో తగ్గుతుంటే బ్లాక్ టెస్టర్ జోలికి వెళ్లనవసరమే లేదు.

ఇక కిట్ సంగతి. ఇందులో పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం ఒకటి, దానికి దిగువన రేడియేటర్ మూతిలో కూర్చునే కోసుగా ఉన్న రబ్బరు అడ్డు, పైన రక్తపోటు కొలిచే పరికరానికి ఉండేటటువంటి రబ్బరు బంతి, ఒక చిన్న సీసాలో నీలి ద్రవం ఉంటాయి. గొట్టంలో ఒకే గది ఉన్న రకాలూ, ఒకదానిపై ఒకటిగా రెండు గదులు ఉన్న రకాలూ దొరుకుతాయి. నేను మొదట ఒక గది ఉన్నదాన్ని వాడాను, తరువాత రెండు గదులు ఉన్నదానికి మారాను. ఎంచుకోవలసి వస్తే సందేహం లేకుండా రెండు గదులదే తీసుకోవాలి. కూలెంట్ ఆవిరి, పొరపాటున పైకి ఎగిరిన కూలెంట్ తుంపరలు కింది గదిలోనే ఆగిపోయి పై గదిలోని ద్రవం శుభ్రంగా ఉంటుంది. రెండు గదుల్లోనూ ద్రవం పోసినప్పుడు పై గదిలోని రంగు కూడా మారితే, ఆ ఫలితాన్ని మరింత ధైర్యంగా నమ్మవచ్చు.

ఆ నీలిరంగుకు మూలం సాధారణంగా బ్రోమోథైమాల్ బ్లూ అనే సూచిక. పాఠశాల ప్రయోగశాలల్లో ఆమ్ల, క్షార గుణాలను చూపడానికి వాడేది ఇదే. పీహెచ్ విలువ 7.6 కంటే ఎక్కువైనప్పుడు ఇది నీలంగా, 6.0 కంటే తగ్గినప్పుడు పసుపుగా ఉంటుంది, మధ్యలో ఆకుపచ్చ. కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగితే బలహీనమైన కార్బోనిక్ ఆమ్లం ఏర్పడుతుంది, రంగు మార్పుకు అదే కారణం. పెట్రోల్ ఇంజిన్ నుంచి వచ్చే పొగలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 13 నుంచి 15 శాతం ఉంటుంది, బయటి గాలిలో 0.04 శాతమే. ఈ తేడా ఎంతో పెద్దది కాబట్టే, గ్యాస్కెట్ దాటి కొద్దిపాటి వాయువు కూలెంట్‌లోకి వచ్చినా ద్రవం దాన్ని పట్టేస్తుంది. ఇది బ్రాండును బట్టి మారే మహత్యం కాదు, పాతకాలపు రసాయనశాస్త్రం. అందుకే ఖరీదైన డబ్బాకూ చౌకైన డబ్బాకూ ద్రవంలో కంటే, రబ్బరు నాణ్యతలోనూ బంతికి ఉండే కవాటాల్లోనూ ఎక్కువ తేడా కనిపించింది.

పరీక్ష చేసే పద్ధతిని కిట్‌తో వచ్చిన కాగితంలో నాలుగు వాక్యాల్లో ముగించారు. ఈ పరికరం గురించి నాకున్న ప్రధానమైన అసంతృప్తి అదే, ఎందుకంటే ఫలితం మంచిచెడ్డలన్నీ పద్ధతి మీదే ఆధారపడి ఉన్నాయి. రేడియేటర్ మూతను ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడే తీయాలి. మూత బిగించి ఉన్నంతసేపు లోపలి ఒత్తిడి వల్ల కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, వేడి మీద మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోయి ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. చల్లని ఇంజిన్ మీద మూత తీశాక, కూలెంట్‌ను కొంత బయటికి తీసి, మూతి నుంచి నాలుగైదు వేళ్ల లోతుకు మట్టాన్ని దించాలి. వేడెక్కే కొద్దీ కూలెంట్ వ్యాకోచించి పైకి వస్తుంది, ముందే దించకపోతే అది నేరుగా పరికరంలోకి ఎక్కుతుంది. తాజా కూలెంట్ క్షార గుణం గలది. అది నీలి ద్రవంలో కలిస్తే, మండిన వాయువు వచ్చినా రంగు మారకుండా అడ్డుకోగలదు. ఫలితం బాగానే ఉందనిపిస్తుంది గాని అది పరీక్షే కాదు. బయటికి తీసిన కూలెంట్‌ను మూత ఉన్న పాత్రలో భద్రం చేయాలి. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. పిల్లలూ జంతువులూ దాని దగ్గరికి రాకూడదు.

మట్టం దించాక ఇంజిన్ స్టార్ట్ చేసి, థర్మోస్టాట్ (వేడిని బట్టి రేడియేటర్ వైపు దారి తెరిచే కవాటం) తెరుచుకునేవరకు ఆగాలి. చాలా ఇంజిన్లలో అది 82 నుంచి 95 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. రేడియేటర్ పై గొట్టం ఒక్కసారిగా వేడెక్కడమే దానికి గుర్తు. థర్మోస్టాట్ మూసి ఉన్నంతకాలం ఇంజిన్‌లోని కూలెంట్ రేడియేటర్‌లోకి ధారాళంగా రాదు కాబట్టి, అందులోని వాయువు మూతి వరకు చేరకపోవచ్చు. అది తెరుచుకున్నాక రబ్బరు అడ్డును మూతిలో గట్టిగా అదిమి, బంతిని నెమ్మదిగా, సమానమైన వేగంతో నొక్కుతూ వదులుతూ రెండు నిమిషాలపాటు గాలిని లాగాలి. ద్రవంలో బుడగలు ఒక్కొక్కటిగా ఎక్కడం కనిపించాలి. అవి కనిపించకపోతే గాలి ద్రవం గుండా రావడం లేదన్నమాట. ఈ పనిని మూసి ఉన్న షెడ్డులో చేయకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం అన్నది మొదటి కారణం. అడ్డు సరిగా కూర్చోకపోతే షెడ్డులో నిండిన పొగే గొట్టంలోకి వెళ్లి ద్రవాన్ని పసుపు చేస్తుందన్నది రెండో కారణం. ఫ్యాను తిరుగుతున్న చోట చేయి పెట్టి పని చేస్తున్నామన్న స్పృహ చివరిదాకా ఉండాలి.

పరీక్ష పూర్తయి ద్రవం నీలంగానే మిగిలితే, ఆ ద్రవం అసలు బతికే ఉందా అని చూడడం తప్పనిసరి. పరికరాన్ని పొగగొట్టం చివర దగ్గరికి తీసుకువెళ్లి అక్కడి పొగను కాస్త లాగాలి. మంచి ద్రవమైతే కొద్ది బుడగల్లోనే ముందు ఆకుపచ్చకు, ఆ వెంటనే పసుపుకు తిరుగుతుంది. మనం ఊదే శ్వాసలో సుమారు 4 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది కాబట్టి, ఒక చుక్క ద్రవాన్ని చిన్న గిన్నెలో వేసి సన్నని గొట్టంతో ఊదినా రంగు కదులుతుంది. పసుపు రంగుకు మారిన ద్రవం గుండా మంచి గాలిని కాసేపు లాగితే అది మళ్లీ నీలానికి వస్తుంది. ఆ నీలం మొదటంత శుభ్రంగా లేకపోతే పారబోయాలి. ఈ నిర్ధారణ దశను కిట్ కాగితంలో ప్రస్తావించనే లేదు. నా దృష్టిలో ఇది లేని నీలి ఫలితానికి విలువ లేదు.

నా ట్రక్కు మీద ఇవన్నీ పాటించి చేసినప్పుడు ద్రవం నీలంగానే ఉంది. పొగగొట్టం దగ్గర వెంటనే పసుపుకు తిరిగింది కాబట్టి ద్రవం మంచిదే. ఇంజిన్‌ను మరింత వేడిగా, కాస్త ఎక్కువ వేగంతో తిప్పి మళ్లీ చూసినా జవాబు మారలేదు. హెడ్ గ్యాస్కెట్ బాగానే ఉంది, ఇక భయం లేదు అని ఇక్కడే ఆగిపోయేవారు చాలామంది ఉంటారు. కానీ కూలెంట్ తగ్గుతూనే ఉంది, ఉదయం ఇంజిన్ మిస్ కొడుతూనే ఉంది. కిట్ చెప్పింది అబద్ధం కాదు. మండిన వాయువు కూలెంట్‌లోకి రావడం లేదని మాత్రమే అది చెప్పింది. కూలెంట్ సిలిండర్‌లోకి వెళ్లే దారులన్నిటిలోనూ వాయువు ఎదురు తిరిగి రావాలన్న నియమం లేదు.

వి ఆకారంలో సిలిండర్లు ఉండే పాత పెట్రోల్ ఇంజిన్లు చాలావాటిలో ఇంటేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే భాగం) గుండా కూడా కూలెంట్ ప్రవహిస్తుంది. మానిఫోల్డ్ రెండు చివరల్లో కూలెంట్ దారి, గాలి దారి పక్కపక్కనే ఉంటాయి, వాటి మధ్య ఉన్నది వేలెడు వెడల్పు గ్యాస్కెట్ మాత్రమే. అది పాతబడి కుంగితే, బండి ఆపాక వేడి వల్ల వ్యవస్థలో నిలిచిన ఒత్తిడి కూలెంట్‌ను కొద్దికొద్దిగా గాలి దారిలోకి తోస్తుంది. ఇంజిన్ చల్లారేలోగా కొన్ని చెంచాల కూలెంట్ వాల్వు వెనుక చేరి, మరునాడు స్టార్ట్ చేసిన వెంటనే సిలిండర్‌లోకి పోయి, ప్లగ్గును తడిపి, మిస్ కొట్టించి, ఆవిరై పొగగొట్టంలోంచి వస్తుంది. పీడనం పుట్టేది వాల్వు మూసుకున్నాక, సిలిండర్ లోపల. అందువల్ల మండిన వాయువు ఈ గ్యాస్కెట్ దాకా వచ్చి కూలెంట్‌లో కలిసే అవకాశమే ఉండదు. స్టార్టింగ్‌లో మాత్రమే ఎక్కువగా కనిపించే ఆవిరికి ఇంతకంటే సరిగ్గా సరిపోయే కారణం మరొకటి అరుదు, బ్లాక్ టెస్టర్ గుర్తించలేని కారణమూ ఇదే.

ఇక్కడ అక్కరకు వచ్చింది కూలింగ్ వ్యవస్థ ప్రెషర్ టెస్టర్. రేడియేటర్ మూతి మీద బిగించే అడాప్టర్, చేతిపంపు, గేజ్ కలిసిన పరికరం ఇది. చల్లని ఇంజిన్ మీద దీన్ని బిగించి, రేడియేటర్ మూత మీద ముద్రించిన ఒత్తిడి దాటకుండా పంపు కొట్టాలి. చాలా బండ్లకు ఆ విలువ 13 నుంచి 16 పీఎస్ఐ మధ్య ఉంటుంది, మరీ పాతవాటికి ఇంకా తక్కువ. అంతకు మించి కొడితే పాత రేడియేటర్ అతుకులు, హీటర్ గొట్టాలు కొత్తగా లీకయ్యి అసలు సమస్యను కప్పేస్తాయి. నేను సాయంత్రం ఒత్తిడి పెట్టి వదిలేశాను. తెల్లవారేసరికి గేజ్ ముల్లు సగానికి పైగా దిగి ఉంది. బండి కింద పరిచిన అట్ట మాత్రం పొడిగానే ఉంది. గొట్టాల అతుకులు, నీటి పంపు కింది రంధ్రం, హీటర్ కింద కాళ్లు పెట్టే చోటు, అన్నీ పొడిగానే ఉన్నాయి.

అప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేయకుండానే స్పార్క్ ప్లగ్గులన్నీ తీశాను. ఇలాంటి అనుమానం ఉన్నప్పుడు ప్లగ్గులు బిగించి ఉంచి సెల్ఫ్ కొట్టకూడదు. సిలిండర్‌లో నీరు నిండుగా ఉంటే పిస్టన్ దాన్ని అణచలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ప్లగ్గుల్లో ఏడు లేత గోధుమరంగులో మామూలుగా ఉండగా, ముందు వైపు చివరి సిలిండర్‌ది మాత్రం కడిగినట్టు తెల్లగా ఉంది, దాని పింగాణీ మీద ఎక్కడా మసి లేదు, మరల్లో ఆకుపచ్చ తడి మెరుస్తోంది. ఇగ్నిషన్ తీగను వేరు చేసి, ఇంధనం రాకుండా చేసి, అందరినీ పక్కకు తప్పించి సెల్ఫ్ కొడితే ఆ ఒక్క రంధ్రం నుంచే సన్నని తుంపర లేచింది. మిగిలినవాటి నుంచి వచ్చింది పొడి గాలే.

నీరు వచ్చేది ఏ సిలిండర్‌లోకో తెలిసింది గాని, వచ్చే దారి ఇంకా తేలలేదు. దానికి లీక్ డౌన్ పరీక్ష సరిపోయింది. పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోకు చివర, రెండు వాల్వులూ మూసి ఉండే స్థితికి తెచ్చి, ప్లగ్గు రంధ్రం గుండా కంప్రెసర్ గాలిని పంపి, మూత తీసిన రేడియేటర్‌లో బుడగల కోసం చూశాను. హెడ్ గ్యాస్కెట్‌లోనో సిలిండర్ హెడ్‌లోనో చీలిక ఉంటే బుడగలు రావాలి. ఒక్కటీ రాలేదు. బ్లాక్ టెస్టర్ ఇచ్చిన నీలి జవాబుతో ఇది సరిగ్గా కలిసింది. కార్బ్యురేటర్ తీసి సన్నని కెమెరాను మానిఫోల్డ్‌లోకి దించితే, ఆ సిలిండర్‌కు వెళ్లే దారి గోడ మీద గ్యాస్కెట్ అంచు నుంచి మొదలై వాల్వు దాకా సాగిన ఆకుపచ్చ చార కనిపించింది. హెడ్డులు విప్పే పెద్ద పని తప్పిపోయి, మానిఫోల్డ్ గ్యాస్కెట్ మార్పుతో సరిపోయింది.

కిట్‌కు అనుకూలంగా చెప్పవలసిన సందర్భం కూడా నా కళ్ల ముందే జరిగింది. తెలిసినవారి ట్రక్కులో ఇదే విధమైన తెల్లని ఆవిరి, దానితోపాటు ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడెక్కడం, రేడియేటర్ గొట్టాలు చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన కొద్దిసేపటికే బిగుసుకుపోవడం ఉండేవి. అక్కడ బంతిని కొన్నిసార్లు నొక్కేసరికే కింది గదిలో ద్రవం అంచుల నుంచి ఆకుపచ్చకు తిరిగి, చూస్తుండగానే పసుపు అయింది. కాసేపటికి పై గదిలోనూ అదే జరిగింది. అప్పటివరకు థర్మోస్టాట్, రేడియేటర్, నీటి పంపు ఒకదాని తరువాత ఒకటి మార్చిస్తూ పోయిన ఆ యజమానికి, ఆ రంగు మార్పు అనవసరపు ఖర్చును అక్కడితో ఆపేసింది. శుభ్రమైన ద్రవంతో, తుంపర ఎక్కకుండా వచ్చిన పసుపు ఫలితాన్ని నేను పూర్తిగా నమ్ముతాను. నీలి ఫలితాన్ని మాత్రం సగం సమాచారంగానే తీసుకుంటాను. రంధ్రం చాలా సన్ననిదై, లోహం చల్లగా ఉన్నప్పుడే తెరుచుకుని, వేడెక్కి వ్యాకోచించగానే మూసుకుపోయే చీలికలు కూడా ఉంటాయి. థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఆగి చేసే ఈ పరీక్షకు అవి చిక్కకపోవచ్చు.

డీజిల్ ట్రక్కులున్నవారు కొనేముందు ఒక విషయం గమనించాలి. డీజిల్ ఇంజిన్ స్లోలో తిరిగేటప్పుడు కావలసినదానికంటే ఎంతో ఎక్కువ గాలిని పీల్చుకుంటుంది కాబట్టి, దాని పొగలో కార్బన్ డయాక్సైడ్ శాతం చాలా తక్కువ. ద్రవం పసుపు దాకా రాకుండా ఆకుపచ్చ దగ్గరే ఆగిపోవచ్చు. ఆ ఆకుపచ్చను కూడా లీకు గుర్తుగానే తీసుకోవాలి. పెద్ద డీజిల్ ఇంజిన్లలో ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను కూలెంట్‌తో చల్లబరిచే భాగం) పగిలినా, ఇంజెక్టర్ చుట్టూ ఉండే రాగి తొడుగు వదులైనా కూలెంట్ పొగగొట్టం దాకా చేరుతుంది. వీటిలో రాగి తొడుగు లీకును ఈ పరీక్ష బాగా పడుతుంది, ఎందుకంటే అక్కడ సిలిండర్ పీడనమే నేరుగా కూలెంట్‌ను నెడుతుంది. కూలర్ లీకుకు మాత్రం ప్రెషర్ టెస్టరే మేలు.

వస్తువుగా చూస్తే కిట్‌లో లోపాలు లేకపోలేదు. రబ్బరు అడ్డు వెడల్పాటి పాత రేడియేటర్ మూతికి చక్కగా కూర్చుంటుంది గాని, మరలున్న ప్లాస్టిక్ ఎక్స్‌పాన్షన్ ట్యాంకు (వేడికి వ్యాకోచించిన కూలెంట్ చేరే ట్యాంకు) మూతికి సరిపోదు, అలాంటి బండ్లకు వేరే అడాప్టర్ కొనవలసి వస్తుంది. నా మొదటి పరికరంలో బంతి అడుగున ఉన్న కవాటం సరిగా మూసుకోక, గాలిని లాగడానికి బదులు అప్పుడప్పుడు వెనక్కి తోసేది, ద్రవం కూలెంట్‌లోకి పోతుందేమోనని జాగ్రత్తపడవలసి వచ్చేది. కొత్తది కొన్నవారు ద్రవం పోయకముందే, గొట్టం అడుగును అరచేతితో మూసి బంతిని నొక్కి వదిలి, అది నొక్కుకునే ఉండిపోతుందో లేదో చూడాలి. వెంటనే ఉబ్బితే గాలి ఎక్కడినుంచో చొరబడుతోందని అర్థం. ద్రవం సీసా మాత్రం చిన్నది. రెండు గదులనూ గీత వరకు నింపి చేసే పరీక్షలకు అది త్వరగా అయిపోతుంది, కాబట్టి ద్రవాన్ని విడిగా అమ్మే రకాన్నే ఎంచుకోవడం మంచిది.

పరీక్ష చేయకముందే లీకులు మూసే మందును రేడియేటర్‌లో పోయడం బాగా వ్యాపించిన అలవాటు. దయచేసి అలా చేయవద్దు. ఆ మందు సన్నని దారిని తాత్కాలికంగా మూసి ఫలితాన్ని నీలంగా చూపించగలదు, దానితోపాటు హీటర్ కోర్‌లోని (క్యాబిన్‌ను వెచ్చబరిచే చిన్న రేడియేటర్‌లోని) సన్నని గొట్టాలనూ మూసేయగలదు. మందు పోసిన బండిని పరీక్షించవలసి వస్తే, వ్యవస్థను శుభ్రంగా కడిగి, కొత్త కూలెంట్ నింపి, కొంతకాలం నడిపాక మాత్రమే కిట్ వాడాలి. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న బండ్లలో కూలెంట్ మండడాన్ని నెలల తరబడి పట్టించుకోకుండా వదిలేస్తే, అందులోని సిలికేట్లు సెన్సర్ మీద పొరగా పేరుకుని దాన్ని పాడుచేస్తాయి, కెటలిటిక్ కన్వర్టర్‌కు కూడా నష్టం కలుగుతుంది. నీరు కొద్దిగానే కదా అని వాయిదా వేయడం మంచిది కాదనడానికి ఇది చాలు.

బ్లాక్ టెస్టర్, ప్రెషర్ టెస్టర్ రెండింటిలో ఒక్కటే కొనగలిగినవారికి నేను ముందు ప్రెషర్ టెస్టర్ కొనమంటాను, ఎందుకంటే అది బయటి లీకునూ లోపలి లీకునూ రెండిటినీ చూపుతుంది, రేడియేటర్ మూతను కూడా పరీక్షిస్తుంది. ఇంజిన్ వేడెక్కిపోవడం, గొట్టాలు తొందరగా బిగుసుకోవడం, ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో ఆగకుండా బుడగలు రావడం వంటివి కూడా ఉంటే బ్లాక్ టెస్టర్‌కు మొదటి స్థానం ఇవ్వవచ్చు. గ్యాస్కెట్ మార్చిన తరువాత మళ్లీ పరీక్షించేవారు, వ్యవస్థలో మిగిలిన గాలి పూర్తిగా బయటికి పోయేలా కొన్ని రోజులు నడిపి, మట్టం నిలకడకు వచ్చాక చేయడం మంచిది. మరమ్మతుకు ముందు కూలెంట్‌లో కరిగిపోయిన వాయువు వల్ల ద్రవం కాస్త ఆకుపచ్చకు తిరిగి, పని సరిగా జరగలేదన్న అనుమానం రాకుండా ఉండాలంటే పాత కూలెంట్‌ను తిరిగి పోయకూడదు. నీలి ద్రవం సీసాను మూత గట్టిగా బిగించి, ఎండ తగలని చోట ఉంచాలి. పరికరాన్ని వాడిన ప్రతిసారీ శుభ్రమైన నీటితో కడిగి పూర్తిగా ఆరబెట్టాకే డబ్బాలో పెట్టాలి.